ఇప్పకోన జడలమ్మ కట్టిన కంచె

అనగనగా ఒక అడవి. పేరుకు ఒకటే అడవి గానీ లోపల మూడు రాజ్యాలు. మూడింటికీ ఒకదానితో ఒకదానికి పడేది కాదు.

మొదటిది ఇప్పకోన. అది ఎలుగుబంట్లది. అక్కడ నూరు ఇప్పచెట్లు ఉండేవి. వేసవి మొదట్లో తెల్లవారేసరికి చెట్ల కింద ఇప్పపువ్వు మెత్తగా, తియ్యగా పరుచుకునేది. రెండోది చవుడుమిట్ట. అది ముళ్ళపందులది. అక్కడి మట్టి ఉప్పగా ఉంటుంది. నెలకోసారైనా ఆ మట్టి నాకకపోతే ఆ అడవిలో ఏ జంతువుకూ ఒంట్లో సత్తువ ఉండదు. మూడోది మడుగుకోన. అది దుప్పులది. ఎంత ఎండ కాసినా అక్కడి మడుగు ఎండదు.

ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదు. అందరికీ అన్నీ కావాలి. అయినా మూడు రాజ్యాల మధ్యా ముళ్ళకంచెలు. కంచెకు ఒక సందు. సందు దగ్గర ఒక కాపలా.

దాటాలంటే ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్ళు కాపలావాడి ముందు నోరు తెరవాలి. వాడు దగ్గరికి వచ్చి వాసన చూస్తాడు. నోట్లో తిండి వాసన తగిలితే, "కడుపు నిండే ఉందిగా, ఇంక మాది నీకెందుకు? రేపు రా" అంటాడు. ఏ వాసనా లేకపోతే, "నీకే తిండి లేదు, మాకేం తెచ్చి ఉంటావు? రేపు రా" అంటాడు. ఎలా వచ్చినా రేపే.

ఒక వేసవిలో మడుగుకోన కంచె దగ్గర వరుసలో నిలబడిన ఒక ముసలి ఎలుగు, నోరు తెరిచింది తెరిచినట్టే కూలిపోయింది. వాసన చూద్దామంటే ఆ నోట్లో తడి కూడా లేదు.

ఆ ముసలి ఎలుగు జడలమ్మకు మేనమామ. జడలమ్మ ఇప్పకోనకు పెద్ద.

ఆ వారంలోనే చవుడుమిట్ట పెద్ద సూదులమ్మ మిగిలిన ఇద్దరు పెద్దలకూ కబురు పెట్టింది. మూడు కంచెలూ కలిసే చోట ముగ్గురూ కూర్చున్నారు. ఎవరి కంచె లోపల వాళ్ళే కూర్చున్నారు.

"వదినా, నీ మామ పోయాడు," అంది సూదులమ్మ. "మొన్న మా చెల్లెలి పిల్లలిద్దరినీ రేచుకుక్కలు పట్టుకుపోయాయి. కుక్కలు వస్తున్నాయని సాంబయ్యవాళ్ళు అరిచారట. మాకూ వినబడింది. కుక్కలొచ్చాయని అరిచారో, పెళ్ళి చేసుకుంటూ అరిచారో మాకేం తెలుసు?"

సాంబయ్య మడుగుకోన దుప్పుల పెద్ద. పెద్ద కొమ్ములు, చిన్న ఓపిక. "మా అరుపు మా తాతల నాటిది అక్కా. నీకు అర్థం కాకపోతే నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

"అందుకే చెబుతున్నాను. కంచెలు తీసేద్దాం. మూడు కోనలకూ ఒకటే బాట వేద్దాం. ఈ నోళ్ళు వాసన చూసే దిక్కుమాలిన పని మానేద్దాం. ఆపద వస్తే అందరికీ ఒకటే గుర్తు పెట్టుకుందాం."

కంచెలు తీయడానికి అరగంటలో ఒప్పుకున్నారు. గుర్తు దగ్గర మాత్రం పొద్దు వాలిపోయింది. మా అరుపే ఉండాలని సాంబయ్య. మా ముళ్ళ గలగలే ఉండాలని సూదులమ్మ. మా గుర్రే గట్టిదని జడలమ్మ. చివరికి విసిగిపోయి సాంబయ్య కాలితో నేలను తన్నాడు. ఒకటి, రెండు, మూడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కాలు అందరికీ ఉంది," అంది జడలమ్మ.

అలా మూడు కాలిదెబ్బలు మూడు రాజ్యాలకూ గుర్తయ్యాయి. ఎవరికి ఆపద కనబడితే వాళ్ళు నేలను మూడుసార్లు తన్నాలి. విన్నవాళ్ళు పక్కవాళ్ళకు వినబడేలా మళ్ళీ తన్నాలి. ఎలుగులకు ఇది అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది. వాటికి చూపు మందం, వినికిడి మందం. ముక్కొక్కటే చురుకు. కానీ నేల అదిరితే పాదాలకు తెలుస్తుంది కదా.

రెండేళ్ళు గడిచాయి. జడలమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఎలుగులు తమకు ఇష్టమైన తిండి పేర్లే పిల్లలకు ముద్దుపేర్లుగా పెట్టుకుంటాయి. చెదపురుగులు దొరికే పుట్టంటే వాటికి ప్రాణం. అందుకని ఒకదానికి తేనె అని, ఇంకొకదానికి పుట్ట అని పెట్టింది. ఇద్దరూ వేసవి దాటి బతికారు. అంతకు ముందు మూడు కాన్పుల్లో వేసవి దాటి ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. మడుగు నీళ్ళు అందబట్టే ఈసారి మిగిలారు. ఈ సంగతి జడలమ్మ ఒక్కసారైనా తలుచుకోలేదు.

ఆవిడ తలుచుకున్నది వేరే.

రోజూ తెల్లవారగానే జడలమ్మ కోన అంచున ఉన్న పెద్ద చెట్టెక్కేది. గాలికి ముక్కు పెట్టి అటూ ఇటూ తిప్పేది. అంత దూరం నుంచీ ఎవరింట్లో ఏం తింటున్నారో ఆవిడకు తెలిసిపోయేది. ఒకరోజు చవుడుమిట్ట వైపు నుంచి ఇప్పపువ్వు వాసన వచ్చింది. పువ్వు రాలడం ఆగి నెలైంది. అయినా ఇంకా వస్తోంది.

"దాచుకుంది," అనుకుంది జడలమ్మ. "మా పువ్వు తెచ్చి బొరియలో దాచుకుంది."

ఆ రోజు నుంచి ఆవిడ ముక్కుకు ఇంకో పని లేకపోయింది. సూదులమ్మ ఇంట్లో ఇదివరకు ఏడాదికి ఒక పిల్ల. ఇప్పుడు రెండు. పిల్లలు నున్నగా, గుండ్రంగా ఉన్నారు. జడలమ్మకు అది కంట్లో నలుసు. సాంబయ్య కొమ్ములకు ఈ ఏడు కొత్త చీలిక వచ్చింది. ఉప్పుమట్టి నాకబట్టే వచ్చిందన్నారు అందరూ. అది ఇంకో నలుసు.

అంతలో రెండు కుర్ర ఎలుగులు ఒక తేనెపట్టు కోసం కొట్టుకున్నాయి. తీర్పు కోసం అవి జడలమ్మ దగ్గరికి రాలేదు. నేరుగా చవుడుమిట్టకు పోయాయి. సూదులమ్మ ఏదో చెప్పి సర్ది పంపింది. రెండూ నవ్వుకుంటూ తిరిగి వచ్చాయి.

"నేను చచ్చాననుకున్నారా?" అంది జడలమ్మ.

"అది కాదు పెద్దమ్మా. ఆవిడైతే కేకలెయ్యదు," అంది ఒకటి.

ఇది మామూలు నలుసు కాదు. కంటి నుంచి జారి కడుపులోకి దిగింది.

ఆపైన కూతురు తేనె వచ్చింది. సాయంత్రం దాకా సూదులమ్మ బొరియలో ఆడుకుని వచ్చి, తల్లి పెట్టిన ఇప్పపువ్వును వాసన చూసి పక్కకు నెట్టింది.

"ఏమే, తినవేం?"

"సూదులత్త ఇప్పపువ్వులో ఉప్పుమట్టి కలిపి పెడుతుందమ్మా. అది బాగుంటుంది. నీది చప్పగా ఉంది."

జడలమ్మ ఆ పువ్వును తన వైపు లాక్కుంది. పువ్వు తనది. చెట్టు తనది. సూదులమ్మ చేసిందల్లా చిటికెడు మట్టి కలపడం. దానికే అది ఆవిడ వంటైపోయింది, ఇది చప్పనైపోయింది.

ఇప్పకోనలో గండయ్య అని ఒక ముసలి ఎలుగు ఉండేవాడు. జడలమ్మ మొహం చూసి అడిగాడు. "ఏమైందమ్మా? మూడు రోజులుగా మూతి అలా పెట్టుకున్నావు."

"మన పువ్వు తిని వాళ్ళు బలుస్తున్నారు తాతా."

"మనం తినగా మిగిలిందే కదా వాళ్ళు తింటున్నది. నలభై మంది ఎలుగులం నూరు చెట్ల పువ్వు తినగలమా?"

"మిగిలిందైనా మనదే కదా."

"అలాగైతే మడుగుకోనలో మనం తాగే నీళ్ళూ వాళ్ళవే మరి."

"నువ్వు నా వైపా, ఆవిడ వైపా?"

గండయ్య లేచి వెళ్ళిపోయాడు. ఎవరి వైపు అని అడిగేవాళ్ళతో మాట్లాడి లాభం లేదని ఆయనకు వయసు నేర్పింది.

మూడో వేసవి వచ్చింది. ఇప్పచెట్లు మొగ్గ తొడిగాయి. జడలమ్మ ఒక లెక్క వేసుకుంది. పువ్వు రాలేది ఇరవై రోజులు. కోనలో ఒక చిన్న చెలమ ఉంది. అందులో నీళ్ళు ఇరవై రోజులకు సరిపోతాయి. ఆ ఇరవై రోజులూ కంచె వేసేస్తే ఒక్క పువ్వు కూడా బయటికి పోదు. రాలడం అయ్యాక కంచె తీసి మళ్ళీ నీళ్ళకు పోవచ్చు. తనకు పోయేదేమీ లేదు. వాళ్ళకే పోతుంది.

మర్నాడే ముళ్ళకంపలు లాగించడం మొదలుపెట్టింది. సంగతి తెలిసి సూదులమ్మ, సాంబయ్య పరుగున వచ్చారు.

"ఏంటిది వదినా?" అంది సూదులమ్మ.

"కనబడడం లేదా? కంచె."

"ఎందుకూ అని."

"మా పువ్వు మేమే తింటాం. నీ పిల్లలు ఇంకా బలిస్తే బొరియలో పట్టరు. నీ మంచికే."

సూదులమ్మ ముళ్ళు ఒకసారి లేచి మళ్ళీ పడుకున్నాయి. "నీ పిల్లలూ మా ఇంట్లోనే తిన్నారు వదినా. నేను కొలవలేదు."

"కొలిచే అవసరం నీకేముంది? అంతా నీకే వస్తుంటే."

సాంబయ్యకు కోపం వచ్చింది. "అయితే మడుగుకు నేనూ కంచె వేస్తాను. అప్పుడు తెలుస్తుంది," అన్నాడు.

"నువ్వు ఆగు తమ్ముడూ," అంది సూదులమ్మ. "బాట తెరిచే ఉంటుంది వదినా. రావాలనిపిస్తే రా. కానీ ఒక మాట. కంచె లోపలివాళ్ళ కాళ్ళకూ అడ్డమే."

జడలమ్మ వినిపించుకోలేదు. ఆ కంచె పాత కంచెలాంటిది కాదు. మూడు వరుసల రేగుకంప. ఎలుగు నిలువెత్తు. ముళ్ళపందులు కింద నుంచి తవ్వుకుని వస్తాయేమోనని అడుగున బండరాళ్ళు కూడా దొర్లించింది. ఇప్పకోనకు రెండు పక్కలా కొండ. ఒక పక్క అడవిలోకి పోయే కనుమ. నాలుగో పక్క ఈ కంచె.

పువ్వు రాలిన మొదటి రోజు జడలమ్మ చెట్టెక్కి వాసన చూసింది. చవుడుమిట్ట వైపు నుంచి ఇప్పవాసన లేదు. ఉత్త మట్టివాసన. ఆ రోజు ఆవిడకు తినకుండానే కడుపు నిండింది.

ఎలుగులు తిన్నాయి. తెగ తిన్నాయి. నాలుగు రోజులకు వెగటు పుట్టింది. పువ్వు మాత్రం రాలుతూనే ఉంది. ఇదివరకు మిగిలినదాన్ని దుప్పులూ ముళ్ళపందులూ వచ్చి ఊడ్చినట్టు తినేసేవి. ఇప్పుడు పువ్వు మీద పువ్వు పడి మోకాలెత్తు గుట్టలైంది. ఎండకు ఉడికింది. పులిసింది. ఎనిమిదో రోజుకు కోనంతా కల్లు వాసన. ఆ పులిసిన పువ్వు తిని సగం ఎలుగులు తూలుతూ తిరిగాయి. నీళ్ళు ఎక్కువ తాగాయి. ఇరవై రోజులకు లెక్కపెట్టిన చెలమ ఎనిమిది రోజులకే బురదైంది.

"అమ్మా, దాహం," అంది పుట్ట.

"ఇంకా పన్నెండు రోజులే," అంది జడలమ్మ.

"కంచెలో చిన్న సందు పెడదామమ్మా. నీళ్ళ వరకే," అన్నాడు గండయ్య.

"సందు పెడితే వాళ్ళు వస్తారు. ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఏం కాను?"

ఆవిడ మళ్ళీ చెట్టెక్కి చవుడుమిట్ట వైపు ముక్కు పెట్టింది. ఏమీ తెలియలేదు. పులిసిన వాసన ముక్కు నిండా కూర్చుంది. ఎలుగులకు ఉన్నది ఒక్క ముక్కే. ఆ రోజుతో అదీ పోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. జడలమ్మ పాదాల కింద నేల అదిరింది. మూడు దెబ్బలు.

గండయ్య లేచి నిలబడ్డాడు. "గుర్తమ్మా. ఏదో వస్తోంది."

జడలమ్మ నవ్వింది. "ఏమీ రావడం లేదు తాతా. పువ్వు దొరక్క కాళ్ళు తన్నుకుంటున్నారు."

కాసేపటికి మళ్ళీ మూడు దెబ్బలు. ఈసారి దగ్గరగా, కంచె అవతలే.

"వినమ్మా. ఒకసారి చూసి వస్తే పోయేదేముంది?"

"నన్ను భయపెట్టి కంచె తీయించాలని చూస్తోంది. సూదులమ్మ తెలివి నాకు తెలియదా? నాకుంది, తనకు లేదు. కుళ్ళుకుంటోంది. కుళ్ళనీ."

మూడోసారి దెబ్బలు ఆగకుండా వచ్చాయి. ఒకరివి కాదు, చాలామందివి. జడలమ్మకు అవి సంగీతంలా ఉన్నాయి. తన కడుపులో ఉన్నదే అవతలివాళ్ళ కడుపులోనూ ఉందనుకుంది. తనకు తెలిసిన జబ్బు అదొక్కటే.

తరువాత నేల ఇంకోలా అదిరింది. అది కాలితో తన్నిన అదురు కాదు. కొండ నడిచి వస్తున్న అదురు.

పులిసిన ఇప్పపువ్వంటే ఏనుగులకు ఎంత ఇష్టమో అడవిలో అందరికీ తెలుసు. కోనలోని కల్లు వాసన గాలిలో రెండు కొండలు దాటి పోయింది. ఇరవై ఏనుగుల మంద కనుమలో నుంచి దిగింది. వాటికి ఎలుగుల మీద పగేమీ లేదు. గుట్టల మీద పడి తిన్నాయి. తిన్నకొద్దీ మత్తెక్కింది. మత్తెక్కాక ఇంకా కావాలని చెట్లను ఊపాయి. ఊగని చెట్లను విరిచాయి.

ఎలుగులు చెట్లెక్కాయి. చెట్లు కూలాయి. దిగి కనుమ వైపు పరుగెత్తాయి. కనుమ నిండా ఏనుగులు. వెనక్కి తిరిగి కంచె వైపు పరుగెత్తాయి. ముందుగా జడలమ్మే చేరింది. పిల్లలిద్దరూ వీపు మీద ఉన్నారు. కంపను పట్టి లాగింది. మొదటి వరుస కదల్లేదు. రేగుముళ్ళు ఆవిడ జడల్లో చిక్కుకున్నాయి. లాగినకొద్దీ బిగుసుకున్నాయి. ఎంత గట్టిగా కట్టించిందో ఆవిడకే తెలుసు.

"సూదులమ్మ వదినా," అని పిలిచింది. ఏనుగుల ఘీంకారంలో ఆ పిలుపు కలిసిపోయింది. రెండోసారి నోటితో పిలవలేదు. కాలెత్తి నేలను తన్నింది. ఒకటి. రెండు. మూడు.

కంచె కింద మట్టి కదిలింది. బండరాయి పక్క నుంచి ఒక ముక్కు బయటికొచ్చింది. "ఇందాకటి నుంచి తవ్వుతూనే ఉన్నాం వదినా. ఈ రాళ్ళు నువ్వే పెట్టించావా? గోళ్ళు అరిగిపోయాయి," అంది సూదులమ్మ. "ముందు పిల్లలను ఇలా పంపు."

తేనె దూరింది. పుట్ట దూరింది. ఎలుగు పిల్లలన్నీ ఆ బొరియలో నుంచి అవతలికి చేరాయి. ఈలోగా సాంబయ్య, ఇంకో పది దుప్పులు కొమ్ములతో కంపను పొడిచి పక్కకు ఈడ్చారు. కొత్త చీలిక వచ్చిన కొమ్ము మొదలంటా విరిగింది. సందు పడింది. పెద్ద ఎలుగులు ఒకదాని వెనక ఒకటి బయటపడ్డాయి. గండయ్య అందరికన్నా వెనక వచ్చాడు. ఆయనను అడిగితే, వెనక రాలేదు, అందరినీ ముందుకు తోశానని చెబుతాడు.

ఏనుగులు రెండు రోజులుండి పోయాయి. నూరు ఇప్పచెట్లలో పదకొండు మిగిలాయి. ఇప్పచెట్టు విత్తనం నుంచి ఎదిగి పూయడానికి ఎన్ని ఏళ్ళు పడుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఆ రోజు పుట్టిన ఎలుగుకు ముసలితనం వచ్చేస్తుంది.

అదంతా తరువాతి సంగతి. ఏనుగులు వచ్చిన ఆ సాయంత్రం ఎలుగులన్నీ మడుగులో కడుపారా తాగాయి. ఆపైన చవుడుమిట్టకు నడిచాయి. పిల్లలు అప్పటికే సూదులమ్మ బొరియలో ఉన్నారు. జడలమ్మ బొరియ ముందుకు వచ్చి ఆగింది. తేవడానికి ఆవిడ దగ్గర పువ్వు లేదు. చెప్పడానికి మాట లేదు. ఏం చెయ్యాలో తెలియక, చిన్నప్పటి నుంచీ కంచెల దగ్గర అలవాటైన పని చేసింది. నోరు తెరిచి నిలబడింది.

సూదులమ్మ బొరియలో నుంచి తల బయటపెట్టింది.

"నోరు మూసుకుని లోపలికి రా వదినా," అంది. "పిల్లలు నీ కోసం ఏడుస్తున్నారు."

జడలమ్మ నోరు మూసుకుంది. వంగి లోపలికి వెళ్ళింది. బొరియ ఎలుగుకు సరిపోదు. సగమే పట్టింది. ఆ సగమూ లోపలే ఉంచింది.

ఆవిడ అసూయ ఆ రోజుతో పోయిందని చెబితే అబద్ధం చెప్పినట్టే. పోలేదు. మరుసటి ఏడు పదకొండు చెట్ల పువ్వును మూడు కోనలూ పంచుకున్నాయి. సూదులమ్మ నోటి నుంచి ఇప్పవాసన రాగానే జడలమ్మ ముక్కు దానంతట అదే అటు తిరిగింది. ఆవిడ కాసేపు ముక్కును పంజాతో మూసుకుని కూర్చుంది. తరువాత మూలుగుతున్నట్టు అడిగింది.

"అందులో మట్టి ఎంత కలుపుతావేంటి? నా పిల్లలు నేను పెడితే ముట్టడం లేదు."

"చిటికెడే," అంది సూదులమ్మ. "ఇలా వచ్చి కూర్చో. చూపిస్తాను."

నీతి: ఇరుగుపొరుగు కలిసి బతికేటప్పుడు, వాళ్ళకు ఎంత దక్కిందని కొలుస్తూ కూర్చున్నవాళ్ళు తమకు దక్కినదాన్ని చూడలేరు, పొరుగువాళ్ళకు అందకూడదని వేసిన కంచె ముందుగా మన దారినే మూస్తుంది.